సైనస్ అన్నారు, ఎంఆర్ఐ తీశారు, ఇప్పుడు సీటీ కూడా అంటున్నారు

ప్రశ్న: మేడం గారూ, నమస్తే. మాది సోంపేట దగ్గర పల్లె, నాకు 37 ఏళ్ళు, స్కూల్లో టీచర్ని. నాలుగేళ్ళ నుంచి తలనొప్పి, నెలకి నాలుగైదు సార్లు వస్తుంది, ఎక్కువగా కుడి కణత, కంటి కింద బరువు, ముక్కు దిబ్బడ, వాంతొచ్చేలా ఉంటుంది, లైటు పడదు. సైనస్ అని మందులు వాడుతూనే ఉన్నా. ఈ మధ్య మావారు బ్రెయిన్ ఎంఆర్ఐ తీయించారు. రిపోర్టులో "ఫ్యూ నాన్ స్పెసిఫిక్ వైట్ మ్యాటర్ హైపర్ ఇంటెన్సిటీస్" అనీ, సైనస్‌లో "మ్యూకోజల్ థికెనింగ్", ముక్కు దూలం వంకర, "రిటెన్షన్ సిస్ట్" అనీ రాశారు. నెట్‌లో చూస్తే స్ట్రోక్ అని వచ్చింది, రెండ్రోజులు నిద్ర లేదు. ఈఎన్‌టీ డాక్టరుగారు సైనస్ సీటీ తీయించుకోండి, అవసరమైతే ఆపరేషన్ చేద్దాం అన్నారు. ఎంఆర్ఐలో సైనస్ కనపడింది కదా మళ్ళీ సీటీ ఎందుకు? రేడియేషన్‌తో ప్రమాదం లేదా? కాంట్రాస్ట్ ఇంజక్షన్ ఇస్తే కిడ్నీలు పోతాయంటున్నారు, మా మామగారు కిడ్నీ జబ్బుతోనే పోయారు, అందుకని భయం. మావారు ఇంట్లో అందరికీ ఒకసారి బ్రెయిన్ స్కాన్ చేయించేద్దాం అంటున్నారు. మా అత్తగారికి 62, అడ్డచుట్ట అలవాటు, దవడ కింద మూడు నెలల నుంచి చిన్న గడ్డ ఉంది, నొప్పి లేదు. బ్రెయిన్ స్కాన్ తీస్తే అందులో ఆ గడ్డ కూడా తెలిసిపోతుందా?

జవాబు:

టీచరమ్మ గారూ, అన్నీ రాశాక ఆఖర్న గుర్తొచ్చి రాసినట్టు రాశారే అత్తగారి గడ్డ సంగతి, నేను దానితోనే మొదలుపెడతా, ఎందుకంటే మీ తలనొప్పి నాలుగేళ్ళుగా ఉన్నదే, ఇంకో నెల ఆగినా ఏం కాదు, అది మాత్రం ఆగకూడదు.

తెలీదండీ, బ్రెయిన్ స్కాన్‌లో ఆ గడ్డ తెలీదు. బ్రెయిన్ ఎంఆర్ఐ అంటే నడినెత్తి నుంచి పుర్రె అడుగు దాకా, మహా అయితే మెడ మొదట్లో కొంచెం వస్తుంది, తలకి తగిలించే కాయిల్ కూడా తలకోసమే, దవడ కింద భాగం ఫిల్ములో ఓ మూలకి వచ్చినా దాన్ని చూసి బాగుంది బాలేదు అని చెప్పడానికి పనికిరాదు. పైగా వచ్చే నష్టం ఏంటంటే, "బ్రెయిన్ నార్మల్" అని కాయితం చేతికొస్తే ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుని ఆ గడ్డని ఇంకో ఆర్నెల్లు వదిలేస్తారు, అలా వదిలేసి వచ్చినవాళ్ళ స్కాన్లు మేం రోజూ చూస్తుంటాం.

నొప్పి లేదు కాబట్టి పర్లేదు అనుకుంటాం మనం, మెడలో గడ్డలకి ఆ లెక్క పనిచేయదు. జ్వరంతో, నొప్పితో గబుక్కున కట్టిన బిళ్ళ చాలాసార్లు పుచ్చుపన్నుదో గొంతు ఇన్‌ఫెక్షన్‌దో అయ్యుంటుంది, మందులకి తగ్గిపోతుంది. గట్టిగా, నొప్పి లేకుండా, మూడు వారాలు దాటినా తగ్గకుండా ఉన్నదాన్నే అనుమానించాలి, అందులో 62 ఏళ్ళ మనిషికి, అందులోనూ నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే మనిషికి. అడ్డపొగ గురించి మీ జిల్లాకి ప్రపంచంలో ఓ పేరుంది తెలుసా, మంచి పేరు కాదులెండి. 1971లోనే శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెజనం నోళ్ళు తెరిపించి చూసి అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే మార్పుల గురించి పేపరు వేశారు, ఇప్పటికీ దంతవైద్యం చదివే పిల్లలు దాన్ని చదువుతారు. అంగిలి కాలి తెల్లబడటం, అందులో ఎర్రటి మచ్చలు, పుండు, అది ముదిరితే కేన్సర్, అక్కణ్ణుంచి మొదట పాకేది మెడలో బిళ్ళలకే (లింఫ్ గ్రంథులకి).

నేను భయపెట్టడానికి రాయట్లేదు, అది కేన్సరే అని కూడా అనట్లేదు, టీబీ బిళ్ళ అయ్యుండొచ్చు, లాలాజల గ్రంథిలో రాయో మామూలు గడ్డో అయ్యుండొచ్చు, కానీ ఏదో ఒకటి తేలాలి. తేల్చడానికి మొదటి పరీక్షకి మిషనే అక్కర్లేదు, టార్చిలైటు చాలు. కట్టుడుపళ్ళు ఉంటే తీయించి, నోరు పూర్తిగా తెరిపించి, అంగిలి, నాలుక పక్కలు, నాలుక కింద, చిగుళ్ళు, బుగ్గల లోపల ఈఎన్‌టీ డాక్టరు చూడాలి, గొంతు లోపలికి చిన్న కెమెరాతో చూడాలి. ఆ తర్వాత మెడకి అల్ట్రాసౌండ్, దాన్ని చూస్తూనే సన్న సూదితో గడ్డలోంచి కొంచెం తీసి పరీక్షకి పంపడం, ఎఫ్ఎన్ఏసీ అంటారు. అల్ట్రాసౌండ్‌కి రేడియేషన్ లేదు, ఇంజక్షన్ లేదు, ఖర్చు ఎంఆర్ఐ కంటే చాలా తక్కువ, అయినా మెడ గడ్డలకీ థైరాయిడ్ గడ్డలకీ మొదట తీయాల్సింది అదే. సూది గుచ్చితే కేన్సర్ పాకేస్తుంది అని మీ వీధిలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, ఆ మాట వినకండి, ఎఫ్ఎన్ఏసీ సన్న సూదితో అలా పాకడం చాలా చాలా అరుదు, ఆ భయంతో నెలలు గడిపేస్తే మాత్రం నిజంగానే పాకుతుంది.

సీటీ, ఎంఆర్ఐ అత్తగారికి అసలు అవసరమే రావని కాదు, సూది రిపోర్టులో ఏదన్నా తేలితే అప్పుడు కావాలి, ఎంత దూరం పోయిందో చూడటానికి. జబ్బు అంగిలి ఎముకని తినేసిందా అన్నది సీటీలో తెలుస్తుంది, అంగిలి దగ్గరుండే నరాల వెంబడి పైకి పాకిందా అన్నది ఎంఆర్ఐలో బాగా తెలుస్తుంది. బుగ్గ లోపల పుండు అయితే సీటీ తీసేటప్పుడు బుగ్గలు బూరలాగా ఊది పట్టుకోమంటాం, మామూలుగా బుగ్గ చిగుళ్ళకి అతుక్కుని ఉంటుంది కదా, గాలి పడితే రెండూ విడిపోయి పుండు ఎక్కణ్ణుంచి పుట్టిందో కనపడిపోతుంది, ఇంత చిన్న పని చెప్పకపోతే వేలు పోసి తీసిన స్కాన్ కూడా సగం వేస్ట్. అవసరం పడితే విశాఖలో కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు, పాత కాయితాలు పట్టుకెళ్ళండి. అసలిది ఈ వారంలోనే మొదలుపెట్టండి.

సరే, ఇప్పుడు మీ తల సంగతి.

మీరు రాసిన లక్షణాలు ఇంకోసారి చదువుకోండి, ఒక పక్క కణత, వాంతి, లైటు పడకపోవడం, నెలకి నాలుగైదు సార్లు వచ్చి పోవడం. ఇది సైనస్ లాగా లేదండీ, మైగ్రేన్ లాగా ఉంది, మనవాళ్ళు పార్శ్వపు నొప్పి అనేది. ముక్కు దిబ్బడ, కంటి కింద బరువు ఉన్నాయి కదా అంటారేమో, మైగ్రేన్‌లో ముఖానికి పోయే నరం రేగుతుంది, దానితోపాటు ముక్కు పూడుకుపోవడం, కళ్ళల్లో నీళ్ళు కూడా వస్తాయి, అందుకే అందరూ సైనస్ అనుకుంటారు. అమెరికాలో 2004లో ఒక పెద్ద స్టడీ వచ్చింది, మాకు సైనస్ తలనొప్పి అని వాళ్ళంతట వాళ్ళు చెప్పినవాళ్ళు, డాక్టర్లు చెప్పినవాళ్ళు కలిపి 2,991 మందిని పద్ధతిగా అడిగి చూస్తే 88 శాతం మందికి మైగ్రేన్ తరహా తలనొప్పే తేలింది. నిజం సైనస్ జబ్బు వేరుగా ఉంటుంది, చిక్కటి పసుపు పచ్చ చీమిడి, వాసన తెలీకపోవడం, ముక్కు అస్తమానం మూసుకుపోవడం, ఇవి మూడు నెలలు పైబడి ఉంటేనే దీర్ఘకాల సైనసైటిస్ అంటాం. మీ ఉత్తరంలో చీమిడి మాటే లేదు.

మైగ్రేనా కాదా అన్నది నేను ఉత్తరం చూసి తేల్చేది కాదు, నేను స్కాన్ రిపోర్టులు రాసేదాన్ని, ఒకసారి నరాల డాక్టరుని కలవండి. వెళ్ళేముందు ఓ నోటుబుక్కులో నొప్పి వచ్చిన రోజులు, నెలసరి తేదీలు, తిండి ఆలస్యమైన రోజులు, వేసుకున్న బిళ్ళలు రాసుకోండి. నెలలో పదిహేను రోజులు పైబడి నొప్పి బిళ్ళలు మింగుతుంటే, కొన్ని రకాలయితే పది రోజులు దాటినా సరే, ఆ బిళ్ళలే తలనొప్పి పుట్టిస్తాయి, ఇది ఏ స్కాన్‌లోనూ కనపడదు, నోటుబుక్కులోనే కనపడుతుంది. మీ ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు ఎక్కువ, నొప్పి బిళ్ళలు కిడ్నీలకి మంచివి కావు, ఆ సంగతి తెలిసి కూడా నొప్పి బిళ్ళలు పప్పుబెల్లాల్లా వాడుతున్నారేమో అదొకటి చూసుకోండి.

ఇక రిపోర్టులో ఆ మచ్చలు. మెదడులో తెల్ల పదార్థం అని ఉంటుంది, తీగెల కట్ట లాంటి భాగం, ఎంఆర్ఐలో ఫ్లేర్ అనే సీక్వెన్సులో (ఫిల్ము తీసే ఒక పద్ధతి) అక్కడక్కడ చుక్కలు తెల్లగా మెరిశాయి, అంతే ఆ మాటకి అర్థం. "ఫ్యూ" అంటే కొన్నే, "నాన్ స్పెసిఫిక్" అంటే ఫలానా జబ్బుదే అని చెప్పే ఆకారంలో గానీ, చోట్లో గానీ లేవు అని. వయసు పైబడేకొద్దీ చాలామందికి వస్తాయి, బీపీ, షుగర్, పొగ ఉన్నవాళ్ళకి ఎక్కువ, మైగ్రేన్ ఉన్న ఆడవాళ్ళలో మిగతావాళ్ళకంటే ఎక్కువ కనపడతాయని నెదర్లాండ్స్‌లో చూశారు, అదే ఆడవాళ్ళని ఏళ్ళ తర్వాత మళ్ళీ పిలిచి స్కాన్ తీసి పరీక్షలు పెడితే చుక్కలు కొందరిలో పెరిగాయి గానీ జ్ఞాపకశక్తి ఏమీ తగ్గలేదు. నెట్‌లో స్ట్రోక్ అని ఎందుకొచ్చిందంటే ఇలాంటి చుక్కలు స్ట్రోక్ వచ్చినవాళ్ళలో కూడా ఉంటాయి, ఆ లెక్కన ముక్కు కూడా ఉంటుంది. కొత్తగా స్ట్రోక్ వచ్చుంటే డిఫ్యూజన్ అనే ఇంకో సీక్వెన్సులో తళుక్కున వెలుగుతుంది, మీ రిపోర్టులో "నో డిఫ్యూజన్ రెస్ట్రిక్షన్" అని లైను ఉందేమో చూడండి, సాధారణంగా రాస్తాం. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఒకసారి చూపించుకోండి, ఫిల్ములు నరాల డాక్టరుకి చూపించండి, ఆయన అవసరం అంటే తప్ప ఏడాదికోసారి ఎంఆర్ఐ తీయించి చుక్కలు లెక్కపెట్టుకోవద్దు.

మ్యూకోజల్ థికెనింగ్ సంగతి ఇంకా తేలిక. సైనస్ లోపలి పొర కాస్త ఉబ్బింది అని. మామూలు రొంప పట్టినా ఉబ్బుతుంది. 1994లో అమెరికా డాక్టర్లు జలుబు చేసిన 31 మందికి సీటీ తీస్తే 87 శాతం మందికి బుగ్గ సైనస్‌లో తేడా కనపడింది, రెండు వారాలయ్యాక చాలామందికి యాంటీబయాటిక్ లేకుండానే దానంతటదే తగ్గింది. అంటే మీరు ఎంఆర్ఐకి వెళ్ళిన వారం మీ క్లాసు పిల్లలనుంచి పడిశం అంటుకుని ఉన్నా ఆ లైను మీ రిపోర్టులో పడుతుంది. రిటెన్షన్ సిస్ట్ అంటే పొరలో జిగురు నిండిన చిన్న తిత్తి, వదిలేయడమే. ముక్కు దూలం అచ్చు తిన్నగా ఉన్నవాళ్ళని వెతికి పట్టుకోవాలి, గాలి ఆడకపోతేనే దాని గోల. ఇవన్నీ మేం ఎందుకు రాస్తామంటారా, కనపడింది రాయకపోతే రేపు ఎందుకు రాయలేదంటారు, రాస్తే ఇదిగో మీకు నిద్ర పట్టదు. ఇందులో ఇంకో తిరకాసుంది, డాక్టరు ఇచ్చిన చీటీలో "ఎంఆర్ఐ బ్రెయిన్, తలనొప్పి" అని మూడు ముక్కలే ఉంటే, కిరాణా కొట్టుకెళ్ళి సామాన్లు ఇవ్వండి అన్నట్టే, ఏం సామాన్లో మాకు తెలీదు, ఉన్నవన్నీ మూటకట్టి ఇస్తాం. అదే "ఒక పక్క నొప్పి, వాంతులు, నాలుగేళ్ళు, పరీక్షలో నరాల లోపం లేదు" అని రాసుంటే రిపోర్టు చివరి లైను వేరేగా ఉండేది. మీరు స్కాన్‌కి వెళ్ళినా, అత్తగారిని తీసుకెళ్ళినా రిసెప్షన్‌లో చెప్పి ఊరుకోకుండా టెక్నీషియన్‌కి, కుదిరితే లోపలున్న రేడియాలజిస్టుకి మీ నోటితో కథంతా చెప్పండి.

ఎంఆర్ఐ ఉండగా సీటీ ఎందుకు అన్నారు, మంచి ప్రశ్న. ఖరీదు ఎక్కువ కాబట్టి ఎంఆర్ఐలో అన్నీ కనపడాలి అనుకుంటాం, అలా ఉండదు. ఎంఆర్ఐ చూసేది ముఖ్యంగా ఒంట్లో నీటినీ కొవ్వునీ, సన్నటి ఎముకలో అవి దాదాపు ఉండవు, గాలిలో అసలే ఉండవు, కాబట్టి ఎముక గాలి రెండూ నల్లగానే కనపడతాయి. సైనస్ అంటేనే ఎముక గదిలో గాలి, ఎక్కడ గోడ ఎక్కడ గది అన్నది ఎంఆర్ఐలో తెలీదు. ఫంగస్ పట్టిన సైనస్ ఒక్కోసారి ఎంఆర్ఐలో నల్లగా పడి గాలి ఉన్న మంచి సైనస్ లాగే కనపడుతుంది, చూసేవాడు ఏమరితే పప్పులో కాలేసినట్టే, అదే మనిషికి సీటీ తీస్తే సైనస్ నిండా తెల్లగా గట్టిగా కనపడుతుంది. అందుకని ముక్కులో ఎండోస్కోపీ ఆపరేషన్ చేసేముందు సీటీ తప్పనిసరి, ఆ డాక్టరు తప్పేం అడగలేదు. కంటికీ ముక్కుకీ మధ్య గోడ కాయితమంత పల్చన, సైనస్ కప్పుకి పైన మెదడు, వెనక సైనస్ పక్కనే చూపు నరం, మెదడుకి పోయే పెద్ద రక్తనాళం, కొందరికి ఆ నాళం మీద ఎముక కూడా సరిగా ఉండదు, ఆపరేషన్ చేసేవాళ్ళకి ఇవన్నీ ముందే తెలిసుండాలి.

అయితే మీకు ఆ ఆపరేషన్ కావాలా అన్నదే అసలు ప్రశ్న. సీటీ తీయడానికి సరైన టైము ఏంటంటే, నిజంగా సైనస్ లక్షణాలుండి, ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీళ్ళతో ముక్కు కడగడం రెండుమూడు నెలలు సరిగ్గా చేసి, అయినా తగ్గకపోతే అప్పుడు. జలుబు మధ్యలో తీస్తే అందరిదీ మబ్బుగానే ఉంటుంది. మీ డాక్టరుగారిని మర్యాదగానే అడగండి, "ఈ సీటీలో ఏం చూద్దామనుకుంటున్నారు సార్, నార్మల్ వస్తే ఏం చేస్తారు, తేడా వస్తే ఏం చేస్తారు" అని. రెండింటికీ ఒకటే సమాధానం వస్తే ఆ సీటీ ఇప్పుడు అక్కర్లేదు. ముందు ముక్కులో ఎండోస్కోపు పెట్టి చూడమనండి. సైనస్ ఎక్స్‌రే తీద్దాం అంటే వద్దనండి, అందులో నీడలు తప్ప తేలేది తక్కువ, ఇప్పటికీ ఎందుకు రాస్తారో నాకు అర్థం కాదు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఒకే పక్క సైనస్ పూర్తిగా నిండిపోయి ఉంటే, ఒకే పక్కనుంచి రక్తం, కుళ్ళు వాసన వస్తుంటే, అది "థికెనింగ్" అని వదిలేసేది కాదు, పైపన్ను వేరు నుంచి వచ్చిన చీము గానీ, ఫంగస్ ముద్ద గానీ, గడ్డ గానీ ఉండొచ్చు, అక్కడ సీటీ తీయాల్సిందే. వంగినప్పుడు ఒక పక్క ముక్కులోంచి పల్చటి నీళ్ళు టపటపా కారితే అదీ అంతే, మెదడు చుట్టూ ఉండే నీరు కారుతుండొచ్చు. మీవి అలా లేవు.

రేడియేషన్ లెక్క చెప్తా. మనం ఏమీ చేయకుండా బతికినా నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టుల (ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే కొలత) రేడియేషన్ పడుతుంది. తల సీటీకి దాదాపు 2, సైనస్ సీటీ తక్కువ డోసులో తీస్తే 1 లోపే. అంటే కొన్ని నెలలు ఊరికే బతికినంత. భీమిలి ఇసకలో మోనజైట్ ఉంటుంది, దాన్లో రేడియేషన్ ఇచ్చే థోరియం ఉంటుంది, ఆ తీరంలో ఉండేవాళ్ళకి సహజంగానే ఇంకాస్త ఎక్కువ, ఎవరూ ఇళ్ళు ఖాళీ చేసి పోవట్లేదు. అలాగని ఉత్తినే తీయించుకోమని కాదు, అవసరం ఉంటే ఒక సైనస్ సీటీకి భయపడొద్దు, అవసరం లేకపోతే ఎంత తక్కువైనా వద్దు, పిల్లల విషయంలో అయితే ఇంకా గట్టిగా అడగండి. గర్భం అనుమానం ఉంటే ముందే చెప్పాలి. ఎంఆర్ఐకి ఎక్స్‌రే రేడియేషన్ ఉండదు.

కాంట్రాస్ట్ అంటే స్కాన్‌లో తేడాలు బాగా కనపడటానికి నరంలోకి ఇచ్చే మందు, ఆ భయం మాత్రం నేను కొట్టిపారేయను, మీది ఉద్దానం, ఇంట్లో మనిషి కిడ్నీతో పోయారు, మీరు అడగడం న్యాయమే. కానీ ముందు ఒక సంగతి, సైనస్ సీటీకి కాంట్రాస్ట్ అక్కర్లేదు, ప్లెయిన్ చాలు. మీలాంటి తలనొప్పికి బ్రెయిన్ ఎంఆర్ఐకి కూడా సాధారణంగా అక్కర్లేదు. కాబట్టి మీకు ఆ ఇంజక్షన్ గొడవే లేదు. అత్తగారికి మెడ సీటీ తీయాల్సొస్తే అప్పుడు అయోడిన్ కాంట్రాస్ట్ కావాలి, గడ్డకీ రక్తనాళానికీ తేడా తెలియాలంటే అది ఇవ్వాలి. దానికి ముందు రక్తంలో క్రియాటినిన్ చూసి దాన్నుంచి కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ అనే లెక్క కడతారు, ఆ అంకె 30కి పైన ఉంటే మామూలుగా భయం లేదు, 30 లోపు ఉంటే ఆలోచించి, నీళ్ళు ఎక్కించి, లేదా వేరే దారి చూస్తారు. మీ ఊళ్ళో అయితే వయసుతో పని లేకుండా అందరికీ ముందు ఆ పరీక్ష చేయించాలంటాను నేను, ఉద్దానంలో కిడ్నీ జబ్బు షుగరూ బీపీ లేనివాళ్ళకి కూడా వస్తుంది, పైకి ఏమీ తెలీకుండా సగం పనిచేయనివాళ్ళు ఉంటారు. ఆస్పత్రివాళ్ళు అడక్కపోయినా మీరే చెప్పండి, "మాది ఉద్దానం" అని. ఎంఆర్ఐలో ఇచ్చేది వేరే మందు, గాడోలినియం, పాతరకం మందులతో కిడ్నీ పాడైనవాళ్ళకి చర్మం బిగుసుకుపోయే జబ్బు వచ్చేది, ఇప్పుడు వాడే కొత్తరకాలతో అది చాలా అరుదు, అయినా కిడ్నీ సంగతి చెప్పాల్సిందే. రొయ్యలు, పీతలు పడనివాళ్ళకి కాంట్రాస్ట్ పడదు అని ఒక ప్రచారం ఉంది, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇంతకుముందు కాంట్రాస్ట్ ఇచ్చినప్పుడే దద్దుర్లో ఆయాసమో వచ్చుంటే అది మాత్రం దాచొద్దు.

అత్తగారికి ఎంఆర్ఐ పడితే ఇంట్లోనే పుస్తెలతాడు, మెట్టెలు, ముక్కుపుడక, జడపిన్నులు, చీరకి పెట్టే సేఫ్టీ పిన్నులు తీసేసి వెళ్ళండి. బంగారాన్ని అయస్కాంతం లాగదు, నిజమే, కానీ లోపల వేడెక్కుతుంది, ఫిల్ము కూడా పాడవుతుంది, పైగా బంగారంలో ఏం కలిపారో కంసాలికే తెలియాలి. పేస్‌మేకర్ గానీ, చెవిలో ఇంప్లాంట్ గానీ, తలలో క్లిప్పు గానీ ఉంటే గదిలోకి అడుగుపెట్టకముందే చెప్పాలి, ఏ కంపెనీదో కార్డు ఉంటుంది, పట్టుకెళ్ళాలి. మిషను ఆపేశాంలే అనుకోవద్దు, అయస్కాంతం రాత్రీపగలూ పనిచేస్తూనే ఉంటుంది, 2018 జనవరిలో ముంబైలో పేషెంటుతో పాటు వచ్చిన కుర్రాడు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఆ గదిలోకి వెళ్తే సిలిండర్‌తో సహా మిషనుకి లాగేసింది, ప్రాణం పోయింది.

మీవారి ఆలోచన, ఇంటిల్లిపాదికీ ఒకసారి బ్రెయిన్ స్కాన్. ప్రేమతోనే అన్నారు, కాదనను. నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్ అనే ఊళ్ళో 2,000 మంది మామూలు జనానికి బ్రెయిన్ ఎంఆర్ఐ తీసి 2007లో ఫలితం వేశారు, సగటు వయసు 63. ఏ ఇబ్బందీ లేనివాళ్ళలోనే 7.2 శాతం మందికి ఎప్పుడో వచ్చిపోయిన చిన్న స్ట్రోక్ మచ్చలు, 1.8 శాతం మందికి రక్తనాళంలో బుడిపె, 1.6 శాతం మందికి కేన్సర్ కాని గడ్డలు. ఇవి తెలిసి ఏం చేస్తారు చెప్పండి, ఆ బుడిపెల్లో చాలావరకు చిన్నవి, పగలవు, ఆపరేషన్ చేస్తేనే రిస్కు ఎక్కువ, కానీ తెలిశాక ఆ మనిషి ప్రతి తుమ్ముకీ ఉలిక్కిపడతాడు. దగ్గర బంధువుల్లో ఇద్దరు ముగ్గురికి మెదడులో రక్తనాళం పగిలిన చరిత్ర ఉంటే అది వేరే మాట, అప్పుడు డాక్టరుని అడగొచ్చు. లేకపోతే ఆయన్ని ఆ డబ్బు అత్తగారి వైద్యానికి ఉంచమనండి, ఇంట్లో అందరికీ బీపీ, షుగర్, క్రియాటినిన్ చేయించమనండి.

మరి తలకి స్కాన్ ఆలోచించకుండా ఎప్పుడు తీయాలి అంటే ఇవి ఫ్రిజ్ మీద రాసి అంటించుకున్నా తప్పులేదు. జీవితంలో ఎప్పుడూ రానంత తలనొప్పి సెకన్లలో నెత్తి మీద పిడుగు పడ్డట్టు వస్తే. మూతి వంకర, చెయ్యి కాలు లాగేయడం, మాట తడబడటం, ఇవి ఒక్కసారిగా వస్తే. తలనొప్పితో జ్వరం, మెడ బిగుసుకోవడం ఉంటే. యాభై దాటాక జీవితంలో మొదటిసారి కొత్తరకం తలనొప్పి మొదలైతే. తలకి దెబ్బ తగిలాక వాంతులు, మత్తు, ఫిట్స్ ఉంటే. కాన్పయిన కొన్ని వారాల్లోపు తలనొప్పి, ఫిట్స్, చూపు మసకబారడం ఉంటే, వాళ్ళకి మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, మామూలు సీటీ నార్మల్ వచ్చినా సిరలకి వేరే స్కాన్ కావాలి, "బాలింతకి గాలి తగిలింది" అని మూలన పడుకోబెట్టొద్దు. షుగర్ ఉన్నవాళ్ళకి ముఖం ఒకపక్క వాచి, కన్ను ఉబ్బి, చూపు తగ్గితే, 2021లో కరోనా తర్వాత బ్లాక్ ఫంగస్ అని హైదరాబాదు కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రి నిండిపోయింది గుర్తుందా, అది కరోనా పోయినా పూర్తిగా పోలేదు, గంటలు లెక్కే.

వీటిలో స్ట్రోక్ అనుమానం వస్తే దగ్గర్లో ఇరవైనాలుగ్గంటలూ సీటీ ఉండి, మందు ఎక్కించే ఆస్పత్రి ఏదో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి, శ్రీకాకుళమా పలాసా ఇటు బరంపురమా అన్నది అర్ధరాత్రి ఫోన్లు చేసి తేల్చుకునేది కాదు. రక్తం గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి లక్షణం మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే టైము, అది ఇవ్వచ్చా లేదా అన్నది రక్తస్రావం ఉందో లేదో చూస్తేనే తెలుస్తుంది, దానికి అయిదు నిమిషాల ప్లెయిన్ సీటీ సరిపోతుంది, ఎంఆర్ఐ ఎక్కడుందా అని వెతుక్కుంటూ విశాఖ దాకా వెళ్ళకండి. మనిషి ఆఖరిసారి బాగా ఉన్నది ఎన్నింటికో ఆ టైము కాయితం మీద రాసుకుని బండెక్కండి, అక్కడ డాక్టరు మొదట అడిగేది అదే.